ఫోటోలో ఉన్నది నేనే

నా పేరు రాహేలమ్మ. అరవై రెండేళ్ళు. సీతాఫల్‌మండిలో మన కూతురు సుజాత దగ్గర ఉంటున్నాను. నేను చెబుతుంటే అదే రాస్తోంది. పోయినవాళ్ళు చదవరని తెలుసు, అయినా మీకు కాక ఎవరికి చెప్పను?

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుని ఏడు నెలలైంది. జుట్టు రాలి మళ్ళీ వస్తుందనీ, చర్మం వేలాడుతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. రాలింది, వేలాడింది. ఎండలో కూడా చలేస్తోంది. మన చర్చి సంఘం ఆడవాళ్ళేమో నాకు చావు జబ్బనుకుని, నూనె రాసి ప్రార్థన చేస్తామని వచ్చి కూర్చున్నారు. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

మీ రైల్వే పెన్షన్ నాకు రావాలంటే ఏటా బతికున్నట్టు చూపించాలి కదా, ఈరోజు బ్యాంకుకు వెళ్ళాను. గుమాస్తా పెన్షన్ కాగితాల మీదున్న మనిద్దరి పాత ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"పెద్దమ్మా, గీ ఫోటోల ఆమె ఏది? నువ్వు ఆమె చెల్లెవా?"

"సన్నబడితే చెల్లెనైతనా బిడ్డా? ఆ పక్కన నిలబడ్డాయన నా మొగుడు!"

"జెర ఆగు, పరేషాన్ గాకు. ముద్ర వెయ్యి, చూస్తా."

బొటనవేలి ముద్ర వేశాను. భూతద్దం పెట్టి పాత ముద్రతో పోల్చి, "సేమ్ ఉన్నది" అన్నాడు.

మీరు తొడిగిన పెళ్ళి ఉంగరం జారిపోకుండా దారం చుట్టుకున్నాను. రేపు పైన మీరు కూడా "ఎవరమ్మా నువ్వు?" అని నన్ను వరుసలో నిలబెడితే ఊరుకోను. నాలో మారనిది ఈ కింద వేసిన ముద్ర ఒక్కటే, సరిగ్గా చూసి పెట్టుకోండి.

రాహేలమ్మ బొటనవేలి ముద్ర

సాక్షులు: సుజాత, పక్కింటి మేరీ