చప్పుడు ఆగిన నాలుగో రోజు

చిట్టితల్లీ,

అమ్మ మనసారా దీవించి రాస్తోంది. ఇక్కడ ముగ్గురమూ క్షేమం. మూడోవారు ఎవరని కంగారు పడకు: నేను, మీ నాన్నగారు, నీ పాత కంప్యూటరు.

పోయిన ఉత్తరంలో అడిగినవన్నీ చెప్తాను. కంప్యూటరు లోపలికని నువ్వు పంపిన కూలరు ఫ్యాను సొట్ట పడకుండా వచ్చింది. పాతది ఊడదీస్తే దాని రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. ఈ సంగతి మీ రిపేరు షాపులో ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది. కూలరు కింద ప్రాసెసరు మీద ఎండిపోయిన, వేడి లాగే పేస్టు గుడ్డతో తుడిచాను. కొత్తది బఠాణీ గింజంత పెట్టమన్నావు. కాస్త గట్టిగా నొక్కేసరికి ట్యూబు మొత్తం కక్కేసింది. ఎక్కువైంది తుడిచేశాను. కూలరు మరీ పొడుగు, డబ్బా పక్క రేకు మూతపడటం లేదు. ఆ రేకు తీసి మంచం కిందకు తోశాను.

స్విచ్చి వేస్తే మునుపటి విమానం రొద లేదు, అసలు చప్పుడే లేదు. పాడు చేశాననుకున్నాను. వేలు దగ్గర పెడితే అప్పుడు గాలి తగిలింది.

"విమానం దిగిపోయిందేంటోయ్?" అని మీ నాన్నగారు మంచం మీంచే అడిగారు.

"మీ కూతురు దింపించిందండీ" అన్నాను.

"దాని బుర్రే బుర్ర" అని తెగ మురిసిపోయారు.

ఆయన తుంటి అలాగే ఉంది. లేపి కూర్చోబెడితే కూర్చుంటారు, అంతే. పాపం, కోపం లేదు, విసుగు లేదు, పిలుపులే. దిండు జరపమని, టైమెంతని, వీధిలో దగ్గింది ఎవరని. ఆయన మంచానికీ నా బల్లకీ మధ్య ఉన్నది ఒక్క కర్టెను. అందుకే ఈ మాట ఫోనులో చెప్పలేక రాస్తున్నాను.

లాయరుగారి టైపు పని ఎలా ఉందన్నావు. లేదమ్మా. ఆగిపోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడాయన ఫోనుతో మాట్లాడితే అదే టైపు చేసి పెడుతోందట. మీ నాన్నగారికి చెప్పలేదు. రోజూ పదింటికి స్విచ్చి వేసేదాన్ని. ఆ రొద వినిపించినంతసేపూ నేను పనిలో ఉన్నాననుకుని ఒంటిగంట దాకా ఆయన పిలిచేవారు కాదు. ఆ మూడు గంటలూ నేను ఏమీ చేసేదాన్ని కాదు. కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కిటికీలోంచి ఎదురింటి గోడ చూసేదాన్ని. ఒక్కోసారి ఏడ్చేదాన్ని. ఏడ్చినా వినిపించేది కాదు.

ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి. కీబోర్డు ఒక్క నిమిషం ఆగితే చాలు, "పనైపోయిందటోయ్?" అంటారు. అందుకని నాలుగు రోజులుగా ఏదో ఒకటి కొడుతూనే ఉన్నాను. మొదటి రోజు పాత అద్దె ఒప్పందం ఒకటి తీసి మొత్తం మళ్ళీ కొట్టాను. తర్వాత మిక్సీతో వచ్చిన జాగ్రత్తల పుస్తకం. ఈవేళ నీకు ఉత్తరం. ఆయన మీద నాకు ప్రేమ లేదనుకోకు, ఉంది. ఊపిరే ఆడటం లేదు.

పాత కూలరు పారేయలేదు, చీరల మధ్య దాచాను. దాన్నే మళ్ళీ బిగించేస్తాను. ముచ్చటపడి పంపావు, ఏమీ అనుకోకు తల్లీ. కానీ పేస్టు చుక్క కూడా మిగల్లేదు. ఒక చిన్న ట్యూబు పంపించు. అది వచ్చేదాకా ఎలాగో టైపు చేస్తూ ఉంటాను.

ఇట్లు,
వేళ్ళు నొప్పెడుతున్నా నీ పార్సిలు కోసం చూస్తుండే
అమ్మ

తా.క. ఇది అచ్చు తీశాక చేత్తో రాస్తున్నాను. టైపు ఆపి చూశాను. పది లెక్కపెట్టేలోగా పిలిచారు. "ఈవేళ లాయరుగారు పెద్ద కాగితమే ఇచ్చినట్టున్నారే! అయిపోయిందా?" అన్నారు.

"ఇంకా లేదండీ" అని మళ్ళీ కీబోర్డు ముందు కూర్చున్నాను.