గడ్డివాములో దాచిన పిల్ల

విజయవాడ,
ఫిబ్రవరి 1998

కరుణమ్మ అత్తయ్యకు వందనాలు.

మశూచి చరిత్ర మీద నేను రాసిన థీసిస్ మా కాలేజీ వాళ్ళు తప్ప ఎవరూ చదవలేదని, గవర్నర్‌పేటలో ఎగ్జిబిషన్ పెట్టాను. గుణదల తిరునాళ్ళకొచ్చిన జనం పాత టీకా సూదుల్ని చూసీ చూడనట్టు వెళ్ళిపోతుంటే, నాన్న చొక్కా చెయ్యి మడిచి తన టీకా మచ్చ చూపించాడు. అందరూ మూగారు. "టీకాల వాళ్ళకి నేను దొరికాను. మా చెల్లిని అమ్మ గడ్డివాములో దాచేసింది. దానికి మశూచి సోకింది" అన్నాడు.

"ఎందుకు దాచిందండీ?" అని ఒక స్కూలు పిల్ల అడిగింది. నాన్నకి తెలియదు. నా పుస్తకాల్లోనూ లేదు. నానమ్మ నీకేమైనా చెప్పిందా?

ముఖం మీద మచ్చలున్నాయని నువ్వు పెళ్ళి ఫొటోల్లో కూడా నిలబడవు. అయినా ఆదివారం రా. ఆ పిల్ల మళ్ళీ వస్తానంది. నిన్ను జాలిగా చూడదత్తయ్యా, అడుగుతుంది.

నీ మేనకోడలు