కరియ ఉత్తరం కృష్ణప్పకు చదివాను

పుంగనూరు,
ఫిబ్రవరి 5, 2025

ప్రియమైన చెల్లెలు చంద్రికకు,

ప్రభువు పేరట దీవిస్తూ అన్న రాసేది. ఈ సంగతులు చెల్లెలితో ఫోనులో మాట్లాడడానికి నోరు రాక కాగితం పట్టాను. పోయిన వారం కుప్పంలో మీ పశువుల ఆసుపత్రికి తెచ్చి చూపించినప్పటి నుంచీ మన కుక్క కరియ ఇంకా నీరసించింది. ఉచ్చకు నిలబడితే చుక్కలే, అవీ ఎర్రగా. వెనక కాళ్ళు ఈడుస్తోంది. సూదితో తీసిన కణాల ఫలితం వచ్చిందా?

నాలుగేళ్ళ కిందట నువ్వే దగ్గరుండి దానికి బీజాలు తీయించావు. ప్రోస్టేట్ గ్రంథి ఇక ఉబ్బదన్నావు. మరి ఇదేమిటి? దేవుడిచ్చింది కోసినందుకు శిక్షా?

మన మందిరం పెద్ద కృష్ణప్పకూ అదే గ్రంథిలో క్యాన్సర్, ఎముకకు పాకిందట. బీజాలు తీసేస్తే అణుగుతుందని మదనపల్లె డాక్టరు చెప్పి చీటీ రాసిచ్చాడు. "పోదునా వద్దా, అయ్యా?" అని ఆయన నన్ను అడిగాడు. నేనింకా జవాబు చెప్పలేదు.

వాక్యమే ఆధారంగా,
నీ అన్న మునిశేఖర్


కుప్పం,
ఫిబ్రవరి 14

ప్రియమైన అన్నకు,

ఫలితం వచ్చింది. క్యాన్సరే.

ప్రోస్టేట్‌ను ద్రాక్ష గుత్తి అనుకో. పళ్ళు రసం ఊరే కణాలు, కాడలు ఆ రసాన్ని మోసే గొట్టాలు. కొన్ని కుక్కల్లో జబ్బు పళ్ళలో పుడుతుంది. కొన్నిట్లో కాడల లోపలి పొరలో పుడుతుంది. ఆ పొర మూత్రాశయం లోపలి పొరకు దగ్గరి చుట్టం. రెండు రకాలూ కలిసిపోయి, స్లైడు చూసినవాళ్ళే తేల్చలేనివీ ఉంటాయి. కరియది కాడల పొర నుంచి వచ్చినట్టుందని రాశారు.

ఆ కణాలు మగ హార్మోను లేకపోయినా పెరుగుతాయి. ఉబ్బదని నేనన్నది వయసు మీద పడితే గ్రంథికి వచ్చే మామూలు ఉబ్బు గురించి. బీజాలు తీయడం క్యాన్సర్‌ను ఆపదు. తీసిన కుక్కల్లోనే ఎక్కువ కనిపిస్తోందని కూడా చదివాను, ఎందుకో ఇంకా తేలలేదు. శిక్ష మాత్రం కాదు.

నొప్పికి మాత్రలు పంపుతున్నాను. అన్నంలో కలిపి పెట్టు. ఎక్కువ రోజులు ఉండదు. బయట గేదెలు వరసకట్టి ఉన్నాయి. కృష్ణప్పగారి సంగతి తీరిగ్గా రాస్తాను.

నీ చంద్రిక


పుంగనూరు,
ఫిబ్రవరి 24

ప్రియమైన చెల్లికి,

కరియ గురువారం పోయింది. మన వెల్డింగ్ షాపు వెనక పూడ్చాను.

నిన్న నీ ఉత్తరం చేతబట్టుకునే ప్రసంగించాను. "పశువుల ఆసుపత్రిలో పనిచేసే నా చెల్లెలే రాసింది, వినండి! బీజాలు తీయడం క్యాన్సర్‌ను ఆపదు! కత్తిని నమ్ముకున్న నా కరియ యాడుండాది? మట్టిలో ఉండాది!" అన్నాను. మందిరం పైకప్పు రేకులు అదిరేటట్టు ఆమేన్ అన్నారు. ఆ ఊపులోనే, బీజాలు నలిగినవాడు దేవుని సభలో చేరకూడదన్న ధర్మశాస్త్రం మాట కూడా తీసి చదివాను.

కృష్ణప్ప లేచి నిలబడ్డాడు. "నేను పోనయ్యా. ఇదో, సింపేస్తాండా" అని డాక్టరు చీటీని అందరి ముందూ చించేశాడు. ఆయన భార్య ప్రమీలమ్మ ఒక్కతే లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆమె విశ్వాసం కోసం ప్రార్థించు.

జయోత్సాహంతో,
మునిశేఖర్


కుప్పం,
ఫిబ్రవరి 27

ప్రియమైన అన్నా,

పైన 'ప్రియమైన' అని అలవాటు కొద్దీ రాశాను.

నేను రాసింది కుక్క గురించి. నువ్వు చదివింది మనిషికి. మగవాళ్ళలో ఈ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ పళ్ళ కణాల్లో పుట్టేదే. ఆ కణాలకు మగ హార్మోనే మేత. బీజాలు తీస్తే మేత ఆగుతుంది. జబ్బు పూర్తిగా పోదు, కానీ చాలామందిలో కొన్నేళ్ళు అణిగి ఉంటుంది. ఎముక నొప్పి తగ్గుతుంది, మనిషి నడుస్తాడు. కరియకు పనికిరానిది కృష్ణప్పగారికి పనికొస్తుంది. ఈ నాలుగు ముక్కలు ఆ రోజే రాయకపోవడం నా తప్పు.

ఇక నీ వాక్యం. ధర్మశాస్త్రంలో ఆ మాట ఉంది. నన్ను అనుసరించే నపుంసకులకు నా ఇంటి గోడల లోపల బిడ్డల్ని మించిన పేరిస్తానని దేవుడే అన్నట్టు ప్రవక్త రాసిందీ ఉంది. నాకు పదేళ్ళప్పుడు కంఠతా పట్టించింది నువ్వే. ఆదివారం ఆ పేజీ దాకా ఎందుకు తిప్పలేదు?

ఈ ఉత్తరాన్నీ అందరి ముందూ చదువు. అంతే గొంతుతో.

చంద్రిక


పుంగనూరు,
ఏప్రిల్ 7

ప్రియమైన చంద్రికకు,

మార్చి రెండో తేదీనే చదివాను. ఒక్క ఆమేన్ కూడా రాలేదు. ప్రమీలమ్మ మాత్రం లేచింది. "నీ కుక్క సచ్చిందని నా మొగున్ని గూడా పంపిద్దామనుకుంటివా సామీ? ఇంగో చీటీ రాయించుకోనొచ్చినా. రేపు నువ్వే పిల్సుకోని పో" అంది.

పిలుచుకుపోయాను. మదనపల్లెలోనే పన్నెండో తేదీన ఆపరేషన్ అయింది. రక్తపరీక్షలో జబ్బును చూపే అంకె దిగుతోందట, కాలి నొప్పి తగ్గింది. ఎన్నేళ్ళో డాక్టరు చెప్పలేదు, మేమూ అడగలేదు.

నిన్న మందిరానికి వచ్చాడు. వచ్చి చెప్పుల దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా పెద్దాయనా" అన్నాను.

"నువ్వు మొదట సదివిన మాట నా సెవుల్లోనే ఉండాదయ్యా. రెండోది యాల నిలవలేదో. ఈడనే ఉంటాలే."

గ్రంథం తీసుకుని బయటికి వచ్చాను. ఆయన పక్కన, ఎండలో నిలబడి ప్రసంగం మొదలుపెట్టాను. లోపలున్న వాళ్ళంతా చాపల మీదే వెనక్కి తిరిగి వాకిలి వైపు కూర్చున్నారు. అరగంట గడిచింది. చొక్కా తడిసిపోయింది. కేకలు వేయలేదు, వేయబుద్ధి కాలేదు.

చివరికి కృష్ణప్పే నా మోచెయ్యి పట్టుకున్నాడు. "సాల్లేయ్యా, నువ్వు పడిపోతే నిన్నెవురు మోస్తారు? లోపలికి పోదాం పా" అన్నాడు. ఆయన ముందు, నేను వెనక.

నీ అన్న,
మునిశేఖర్