స్టీఫెన్ ఒప్పుకున్న ఎనిమిది కంప్యూటర్లు

మే 22, సోమవారం

ఈ డైరీ స్టీఫెన్‌ది. ఏప్రిల్ 10 వరకు వాడి రాత. ఆ తర్వాత అన్నీ ఖాళీ కాగితాలు. వాటిని చూడలేక నేను రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతే. ఆదివారం చర్చిలో చెప్పే వాక్యాలు నోటుబుక్కులో ఎక్కించుకోవడం తప్ప రాసే అలవాటు లేదు. తప్పులు రాస్తే నవ్వడానికి వాడు లేడు.

ఏప్రిల్ 11న ఎర్రవల్లి చౌరస్తాలో లారీ. వాడికి ఇరవై మూడేళ్లు. మాకు ఒక్కడే కొడుకు. అంతకంటే రాయలేను.

నిన్న వాడి నలభై రోజుల ప్రార్థన కూడిక జరిగింది. నాగర్‌కర్నూల్ నుంచి శాంతయ్య సార్ వచ్చారు. అక్కడి హాస్టల్ స్కూలుకు ఆయన హెడ్మాస్టర్. ఎవరో ఆఫీసువాళ్లు పాతబడ్డాయని ఆ స్కూలుకు ఎనిమిది కంప్యూటర్లు ఇచ్చారు. బాగు చేసి ఇస్తానని స్టీఫెన్ మార్చిలో గద్వాలకు, మా ఇంటికి తెచ్చాడు. ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో గోడ వెంబడి అవి, వెనక గదిలో మేము.

సార్ అన్నం తిని చేయి కడుక్కుని, వాటిని ఒక్కొక్కటీ చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు. జూన్ పన్నెండుకు బడి తెరుస్తం రూతమ్మా, అప్పటికి గివి తయారు కాకుంటే పాత సామాన్ల కబాడికి ఎయ్యమని కమిటీవాళ్లు రాసిన్రు, నా చేతిల ఏం లేదు అన్నారు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

మిగతా పనంతా స్టీఫెన్ చేసేశాడట. కార్డులే మిగిలాయి. నెట్‌వర్క్ కార్డు అంటారు. ఒక కంప్యూటర్‌లో పెట్టిన పాఠం ఎనిమిదింటిలోనూ ఆగకుండా ఆడాలంటే ఫాస్ట్‌వి వేయాలి. లోపల ఉన్నవి స్లో, అవి బోర్డుకే అతుక్కుని ఉన్నాయి, తీయడానికి రావు. కొత్తవి పక్కన గుచ్చాలి. స్కూలు వాళ్లు కొంటారు. ఏది పడుతుందో ఎంచి పెట్టేది మాత్రం వాడి పని. అది వాడి తలలోనే ఉండిపోయింది.

వాడి చివరి పేజీలో ఒకటే లైను ఉంది. కార్డులు 8, జగదీశన్న, వనపర్తి.

మే 23

మా ఆయన కురుమయ్యకు ఆ గదిలోకి పోవడమే ఇష్టం లేదు. పెరటి వైపు నుంచి తిరిగి వస్తాడు. ఇచ్చెయ్ కబాడికి, గవి కండ్ల వడ్తుంటే బువ్వ దిగుతలేదు అన్నాడు.

కబాడివాడు ఏం చేస్తాడో ఎరుకనా నీకు అని అడిగాను. రాగి తీగ కోసం సుత్తితో కొడతాడు. నీ కొడుకు ఒక్కొక్క స్క్రూ బిగించిన డబ్బాలు అవి. మాట ఇచ్చింది వాడు. వాడు లేడని మాట కూడా లేకుండా పోవాలా అన్నాను.

చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మే 24

ఒక డబ్బా మూత తీశాను. స్క్రూలు తిప్పడం వాడు చేస్తుంటే చూశాను. లోపల ఇంత దుమ్ము కూడా లేదు. బ్రష్‌తో దులిపి పెట్టాడు.

ఆకుపచ్చ పలక మీద తెల్లటి గాడులు. స్లాట్ అంటాడు వాడు. కార్డు పళ్లు అందులోకి దిగాలి. ఏ కార్డని అడగడానికి నాకు ఇంగ్లీషు రాదు. కొలత తెలిస్తే చాలనుకున్నాను.

మేము పూణెలో మట్టి పనికి పోయిన నాలుగేళ్లు వాడు మా అత్త దగ్గర పెరిగాడు. చెప్పులు తెగినప్పుడల్లా అత్త వాడి పాదం పక్కన చీపురుపుల్ల పెట్టి, మడమ నుంచి వేలి దాకా సరిగ్గా తుంచి, పూణె వచ్చేవాళ్ల కొంగుకు కట్టి పంపేది. ఆ పుల్ల పట్టుకుని నేను దుకాణంలో చెప్పులు ఎంచేదాన్ని. పిల్లవాణ్ణి చూడకుండా నాలుగేళ్లు చెప్పులు కొన్నాను. ఒక్కసారి కూడా బిగుతు కాలేదు.

ఎనిమిది డబ్బాలకూ ఎనిమిది పుల్లలు తుంచాను. పక్కపక్కన పెడితే ఎనిమిదీ ఒకటే పొడవు. చాలా రోజుల తర్వాత ఒక పని సరిగ్గా చేసినట్టు అనిపించింది.

మే 25, గురువారం

వనపర్తి పోయి వచ్చాను. జగదీశ్ దుకాణం బస్టాండు దగ్గరే. పాత కంప్యూటర్‌కు ఫాస్ట్ కార్డు కావాలన్నాను. తళతళలాడేది ఒకటి తీసి, ఇది లేటెస్ట్ అమ్మా, మస్త్ స్పీడ్ అన్నాడు. పుల్ల తీసి దాని పళ్ల పక్కన పెట్టాను. పళ్లు సగం కూడా లేవు. ఇది కాదన్నాను.

ఆయన పుల్లను చూశాడు, నన్ను చూశాడు. ఏందమ్మా, కంప్యూటర్‌కు చెప్పులు గొనవస్తివా అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏ ఊరు, ఎవరి కంప్యూటర్లు అని అడిగితే చెప్పాను.

నవ్వు ఆగిపోయింది. స్టీఫెన్ వాళ్లమ్మవా అని లేచి కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. తర్వాత, నీ పుల్లనే కరెక్ట్ జెప్పిందమ్మా, గీ కొత్తయి పాత డబ్బాలల్ల వట్టవు అన్నాడు. పొడవువి హైదరాబాద్ నుంచి తెప్పిస్తాడట. మా ఇంటికి వచ్చి చూడమని నేనంటే, దుకాణంల నేనొక్కన్నే, ఎట్ల రావాలె అన్నాడు.

ఒక మాట అడిగాడు. గాడిల ఒక అడ్డం ఉంటది, కార్డుకు ఆడ కట్ ఉండాలె, గా అడ్డం ముందటి దిక్కున్నదా ఎనక దిక్కున్నదా అని. నిన్న పొద్దంతా చూసినదే కదా. ఎనక దిక్కు సారూ అన్నాను. ఎనకనా అని జర అనుమానంగా చూశాడు. ఆఫీసు మాల్ గదా, ఉండొచ్చు అని రాసుకున్నాడు.

మే 26

ఏమీ లేదు. ఎండ.

మే 30, మంగళవారం

కార్డులు రాలేదు. మా ఆయన ఇటిక్యాల వైపు పనికి పోయాడు. ఇంట్లో నేను, అవి. మధ్యాహ్నం ఒకదాన్ని ఆన్ చేశాను. ఫ్యాన్ తిరిగిన చప్పుడు వచ్చింది. ఆ చప్పుడుకు నాకు నిద్ర పట్టింది. ఏప్రిల్ తర్వాత మధ్యాహ్నం నిద్రపోవడం ఇదే.

జూన్ 3, శనివారం

బస్సులో పార్శిల్ వచ్చింది. ఎనిమిది కార్డులు, బంగారు రంగు పళ్లు. పుల్లకు సరిగ్గా సరిపోయాయి. దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను.

జూన్ 3, సాయంత్రం

దిగడం లేదు.

పొడవు సరిపోయింది. కానీ గాడిలో అడ్డం ఒక చివర ఉంటే, కార్డుకు కట్ ఇంకో చివర ఉంది. తిప్పి పెడదామంటే, కార్డు చివర వైరు గుచ్చే రేకు డబ్బా లోపలికి పోతుంది. ఎనిమిది డబ్బాల్లోనూ చూశాను. అన్నీ అంతే.

అప్పుడు తెలిసింది. వైర్లు గుచ్చడానికని స్టీఫెన్ ఈ డబ్బాలను వీపు మా వైపు తిప్పి పెట్టాడు. మార్చి నుంచి నేను చూస్తున్నది వాటి వీపే. అదే ముందు అనుకున్నాను. కంప్యూటర్‌కు ముందు ఏదో తెలియని దాన్ని, ఆయన అడిగితే పట్టుగా చెప్పి వచ్చాను. తెల్వదు సారూ అనడానికి నోరు రాలేదు. స్టీఫెన్ తల్లి అని కుర్చీ వేశాడు కదా.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. కొత్త చెప్పు మొదట బిగుతుగానే ఉంటుందని, చివరి డబ్బాలో రెండు చేతులూ పెట్టి ఒత్తాను. టప్‌మంది. తెల్ల గాడి అంచు పగిలి ముక్క కింద పడింది.

వాడు ఎన్ని రోజులు కూర్చుని బాగు చేశాడో. నేను ఒక్క ఒత్తుడుకు పాడు చేశాను.

జూన్ 4, ఆదివారం

చర్చికి పోలేదు.

జూన్ 5

ఇంకా ఏడు రోజులు. మా ఆయన పని నుంచి వచ్చి, మూత తీసి ఉన్న డబ్బా చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. తిడతాడనుకున్నాను. పగిలిన ముక్కను వేలితో అటు ఇటు తిప్పి చూశాడు. పిల్లగాని కాలే దీస్కవోతె అయిపోయేదానికి పుల్లెందుకు వట్కవోతివే అన్నాడు.

నిజమే కదా. డబ్బానే తీసుకుపోవాలని నాకు తోచనే లేదు.

జూన్ 6, మంగళవారం

పోయి వచ్చాం. రమ్మని నేను అడగలేదు. పొద్దున్నే పగిలిన డబ్బాను దుప్పట్లో చుట్టి భుజానికి ఎత్తుకున్నాడు. వనపర్తి బస్సులో కండక్టర్, ఏంది పెద్దమనిషీ, టీవీ గిట్ల ఎత్కవోతున్నవా అన్నాడు. మా పిలగాంది అన్నాడు మా ఆయన. డబ్బాను పక్కన పెట్టమంటే పెట్టలేదు, వనపర్తి దాకా ఒళ్లోనే పెట్టుకున్నాడు.

ఎర్రవల్లి చౌరస్తా వచ్చింది. ఇద్దరం తల వంచుకుని దుప్పటి వైపు చూశాం. బస్సు ఆగి, మనుషులు ఎక్కి, మళ్లీ కదిలింది.

జగదీశ్‌కు ముందే చెప్పేశాను. ముందు ఏదో వెనక ఏదో నాకు తెల్వదు, తెలిసినట్టు చెప్పినా, నేను ఒత్తితే పగిలింది అని. చెబుతూ ఏడ్చాను. ఆయన డబ్బాలోకి టార్చి కొట్టి చూశాడు. ఓ అమ్మా, గాడులు మూడున్నయి గద, ఒకటి వల్గితే పక్క దాంట్ల ఎస్తం, గీ దానికి ఏడుస్తవా అన్నాడు.

మూడు రోజులు అన్నం తినలేదు నేను దీనికోసం. నవ్వు కూడా వచ్చింది. ఒకటి పోతే పక్కది ఉండటం. కంప్యూటర్‌కు ఎంత సుఖం.

తప్పు నాది గూడ ఉన్నది అన్నాడు ఆయన. రెండు కట్లున్న కార్డు అడిగితే ఏ పాత దాంట్లనన్న దిగుతుండె, తక్కువ పైసలకు అగ్గువగ దొరుకుతున్నయని ఒక్క కట్టువి తెప్పించిన అన్నాడు. అలాంటిది ఒకటి దుకాణంలోనే ఉంది. తీసి నా చేతికిచ్చాడు. నువ్వే పెట్టు అన్నాడు. వెంటనే గాడి మీద పెట్టబోయాను. గాయి చేయకమ్మా, తొందరేం లేదు, నిలువుగ వట్టి, రెండు దిక్కుల సమంగ ఒత్తు, అదే పోతది అన్నాడు.

అదే పోయింది. బలమే పెట్టలేదు.

మిగతా ఏడూ తెప్పించి, శనివారం దుకాణం మూసి తానే వస్తానన్నాడు. స్టీఫెన్ ఉంటే నన్ను రానిచ్చేటోడే కాదు, అంత నేనే జేసుకుంట అన్నా అనేటోడు అన్నాడు. మా ఆయన తల తిప్పుకుని బస్టాండు వైపు చూశాడు.

జూన్ 10, శనివారం

జగదీశ్ పొద్దున్నే వచ్చాడు. ఏడు కార్డులూ నాతోనే పెట్టించాడు. రెండు కంప్యూటర్లు మొండికేశాయి. కార్డు దిగినా లోపలి పాత విండోస్ దాన్ని గుర్తుపట్టడం లేదట. సీడీ పెట్టి, ఆపి, మళ్లీ ఆన్ చేసి, మళ్లీ ఆపి, పన్నెండైంది. నాకు నిలబడటమే పని. ఏం చేస్తున్నాడో ఒక్కటీ తెలియదు.

రెండున్నరకు అన్నింటికీ వైర్లు కలిపి, మొదటి దాంట్లో ఒక పాఠం పెట్టాడు. వాన ఎట్లా పడుతుందో చెప్పే పాఠం. సముద్రం, ఆవిరి, మబ్బు. ఎనిమిది తెరల మీద ఒకేసారి వాన పడింది. ఎక్కడా ఆగలేదు.

మా ఆయన గడప బయట నుంచి చూస్తున్నాడు. అన్నిట్ల వడ్తున్నది, మన కౌలు చేన్ల తప్ప అన్నాడు. జగదీశ్ పగలబడి నవ్వాడు. రెండు నెలల్లో మా ఆయన వేళాకోళం ఆడటం ఇదే మొదలు. లోపలికి వచ్చి కూర్చున్నాడు.

జగదీశ్‌కు అన్నం పెట్టాను. తింటూ, నీ కొడుకు పని శాన సాఫ్ అమ్మా, నేను జేసింది ఏం లేదు అన్నాడు.

జూన్ 11, ఆదివారం

చర్చి నుంచి వచ్చి ఎనిమిదింటినీ ఆన్ చేశాను. చీకటి పడేదాకా ఆపలేదు. ఎనిమిది ఫ్యాన్ల చప్పుడు. మా ఆయన ఆ గదిలోనే చాప వేసుకుని పడుకున్నాడు.

రేపు పోతాయి. కబాడికి పోకూడదని ఇంత తిరిగాను. బాగైతే కూడా పోతాయని నాకు తెలియదా? తెలుసు. తెలిసి తొందర పెట్టింది నేనే. ఇంకో నాలుగు రోజులు కావాలని సార్‌ను అడుగుదామా అనుకున్నాను. ఏమని అడగాలి?

జూన్ 12, సోమవారం

ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి ఎక్కించాం. నాగర్‌కర్నూల్ దాకా మా ఆయన వెనక వాటి మధ్యనే కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా రెండు డబ్బాల మీద రెండు చేతులు. మిగతా ఆరింటికి చేతులు లేవు.

శాంతయ్య సార్ గేటు దగ్గరే ఉన్నారు. ఒక్కొక్కటీ లెక్కపెట్టి, ఎనిమిది తెచ్చినవా రూతమ్మా అన్నారు. ఎనిమిదే కదా సారూ వాడు ఒప్పుకున్నది అన్నాను. పిల్లలు గుంపుగా వచ్చి కిటికీలకు వేలాడారు. సార్ నన్ను ముందుకు పిలిచి ఏదైనా చెప్పమన్నారు. నిలువుగా పట్టి ఒత్తాలని మాత్రం చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు.

తిరిగి వచ్చేసరికి ముందు గది చాలా పెద్దగా ఉంది.

జూన్ 19

రాయడానికి ఏమీ లేదు. మా ఆయన ఇప్పుడు ముందు తలుపు నుంచే వస్తున్నాడు.

జూన్ 28, బుధవారం

స్టీఫెన్ సెల్లు మోగింది. స్కూలుకు కొత్తగా వచ్చిన టీచరమ్మ, వాడి సంగతి ఆమెకు తెలియదు. డబ్బా మీద అతికించిన పేరు, నంబరు చూసి చేసిందట. ఐదోది ఆన్ అయితలేదమ్మా, స్టీఫెన్ గారిని ఒకసారి పంపిస్తరా అని అడిగింది.

రేపు పంపుతానని చెప్పాను. ఫోన్ పెట్టేసి వాడి స్క్రూడ్రైవర్ నా సంచిలో వేసుకున్నాను.