గంటగోపురానికి మతిమరుపు

వెస్టర్‌హీమ్, సోమవారం

ఒరే రూట్‌గర్,

పెద్దమ్మ ఆశీస్సులు, ఈసారికి సగమే.

మా ఊరి గోపురం గంటల మీద పాటలు మోగించడానికి నువ్వు రాసిచ్చిన పైథాన్ ప్రోగ్రామ్ అద్భుతంగా ఉంది, కంప్యూటర్ ఆపనంతసేపూ. బేకరీ వాళ్ళమ్మాయి పెళ్ళికని నిన్నంతా కూర్చుని ఒక్కో గంటా చూసుకుంటూ పాట ఎక్కించాను. పొద్దున్న చూస్తే ఏమీ లేదు. పాలు ఎక్కడ పెడతానో నా పిల్లికైనా గుర్తుంటుంది. నీ యుట్రెక్ట్ చదువు ఇదేనా?

చిట్స్కె పెద్దమ్మ

తా.క.: ఈమెయిల్ పెట్టకు. తిట్టడానికి కాగితమే బాగుంటుంది.

యుట్రెక్ట్, బుధవారం

పూజ్యురాలైన పెద్దమ్మకు,

నువ్వు ఎక్కించినవి కంప్యూటర్ ఆపగానే పోతాయి. ఫైల్లో దాచుకోవాలి. రెండు వరుసల కోడ్ పంపుతున్నాను. ఒకటి పాటలన్నిటినీ ఫైల్లోకి దించుతుంది, రెండోది మళ్ళీ పైకి తెస్తుంది. ఈ పద్ధతి పేరు పికిల్, అంటే ఊరగాయే. ఆ ఫైలు పైథాన్‌కి తప్ప మనుషులకు అర్థం కాదు. తెరవకు.

రూట్‌గర్

తా.క.: తెరవకు అన్నది సలహా కాదు.

వెస్టర్‌హీమ్, ఆదివారం

మహా తెలివిగల అబ్బాయికి,

తెరిచాను. ఊరగాయ అన్నాక మూత తీసి చూడనిదెవరు? లోపలంతా పిచ్చి గీతలు. వాటిని శుభ్రంగా చెరిపేసి, అర్థమైన అక్షరాలు మాత్రం ఉంచి సేవ్ చేశాను. నిన్న పెళ్ళికూతురు చర్చి మెట్ల మీద నిలబడి తల పైకెత్తింది. గోపురం నోరు మెదపలేదు. ఇంకోసారి ఇలా జరిగితే గోపురం తాళాలు అప్పగించమని కౌన్సిల్ వాళ్ళన్నారు. మా నాన్న నా చేతిలో పెట్టిన తాళాలు, తెలుసా? వచ్చే గురువారం పదకొండింటికి పాత మేయర్ అంత్యక్రియలు.

పెద్దమ్మ

తా.క.: బేకరీ ఆవిడ నాకు నిన్నటి రొట్టె అమ్ముతోంది, ఇవాళ్టి ధరకి.

యుట్రెక్ట్, మంగళవారం

ఊరగాయను సబ్బుతో కడిగిన పెద్దమ్మకు,

నీకిక జేసన్ పద్ధతే గతి. అందులో అన్నీ మామూలు అక్షరాలే. చదువుకో, దిద్దుకో, కావాలంటే ముద్దు పెట్టుకో. కొత్త ప్రోగ్రామ్‌లో పదకొండు అని అంకె వేసి, ఎదురుగా శోకగీతం ఎక్కించి దాచు. ఇందులో తప్పు చెయ్యడం నీక్కూడా సాధ్యం కాదు.

రూట్‌గర్

తా.క.: నేను సరిచూడలేదు. ఇంత సులువైనదాన్ని సరిచూడటం నాకు అవమానం.

వెస్టర్‌హీమ్, శుక్రవారం

అవమానం పడని మహాశయునికి,

జేసన్ నాకు అర్థమైంది. నీ ప్రోగ్రామ్‌కే కాలేదు. అంకెగా దాచిన నా పదకొండు, తిరిగొచ్చేసరికి కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలై కూర్చుంది. నీ ప్రోగ్రామ్ అంకె కోసం వెతికి, దొరక్క, పరీక్షకని నువ్వు పెట్టి మరిచిపోయిన పాట అందుకుంది. నిన్న శవపేటిక చర్చి గేటు దాటుతుంటే ఊరంతటికీ వినబడేలా తాగుబోతు చేపలవాడి పాట.

తాళాలు చేత్తో పట్టుకుని కిందికి దిగాను. మేయర్ భార్య నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఇది ఎవరు పెట్టారు?"

ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"పెళ్ళికి ముందు నా కిటికీ కింద నిలబడి ఆయన ఇదే పాడాడు. మా నాన్న బకెట్టెడు నీళ్ళు పోశాడు."

నేనే పెట్టానన్నాను. కౌన్సిల్ వాళ్ళ ఎదుటే ఆవిడ నన్ను కావలించుకుంది. తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాను. ఇప్పుడు ఆ తప్పు దిద్దావంటే నీ గుమ్మంలోకొచ్చి కూర్చుంటాను.

పెద్దమ్మ

తా.క.: తమ అంత్యక్రియలకూ అదే పాట కావాలని జనం ఇప్పట్నుంచే చెప్పిపెడుతున్నారు. పోస్ట్‌మాన్ వాళ్ళత్తగారికని అడిగాడు. ఆవిడ ఇంకా సైకిలు తొక్కుతోంది.