వాడని నాలుగు లైసెన్సులు

హన్మకొండ, 9-6-1989

కృపానందం బావకు,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కుని చదువు. మన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఐదు కంప్యూటర్లు పెడదామని, నీ మాట మీద ఐదు సాఫ్ట్‌వేర్ లైసెన్సులు కొన్నాను గదా. కంప్యూటర్ ఒక్కటే వచ్చింది. వాడని లైసెన్సులు ఉంచుకుంటే కేసవుతుందని భయపడ్డాను. ములుగులో నాయన తుపాకి వద్దనుకున్నప్పుడు లైసెన్సు ఠాణాలోనే అప్పజెప్పాడు. నేనూ అట్లాగే ఠాణాకు పోయి, "ఐదు లైసెన్సుల్లో ఒకటి వాడాను, నాలుగు వాడలేదు, వాపసు తీసుకోగలరు" అని దరఖాస్తు ఇచ్చాను. సాఫ్ట్‌వేర్ అన్న మాట రాయడం మరిచాను.

ఈ పొద్దున పోలీసులు వచ్చి బీరువా, బియ్యం డబ్బా, మా ఆవిడ ఏసమ్మ బట్టల పెట్టె అన్నీ తిరగేశారు. "నాలుగు ఏడ దాచినవ్?" అని ఒకటే అడగడం. "సాఫ్ట్‌వేరువి సార్" అన్నాను. "గది ఏ దేశం మాల్?" అన్నాడు ఎస్సై.

సోమవారం మళ్ళీ రమ్మన్నారు. జవాబు రాయకు బావా, ఆ లైసెన్సులు అమ్మిన కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని నువ్వే రా. నాలుగింటి సంగతి కాగితాలు చూపించి ఎట్లనో చెప్పుకుంటాను. కానీ పోతూ పోతూ ఎస్సై నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అడిగాడు:

"వాడిన ఆ ఒక్కటి, ఎవని మీద వాడినవ్?"

నీ బామ్మర్ది