టోపీ చేప మీసాలు

ప్రియమైన తమ్ముడికి,

మీ ప్రెస్సు వేస్తున్న పిల్లల పాటల పుస్తకానికి మొదటి పది బొమ్మలు పంపిస్తున్నాను. చిన్నప్పుడు మంచం మీద గెంతుతూ అరిచి పాడిన ఆ తలాతోకా లేని పాటలకి ఈ వయసులో నేనే బొమ్మలు వేస్తానని అనుకోలేదు. ఉత్తరాలు పంచే టోపీ చేపకి మీసాలు పెట్టాను. పాటలో మీసాల ఊసే లేదు, అయినా ఉత్తరాలు పంచేవాడికి మీసం లేకపోతే ఎవరు తలుపు తీస్తారు?

నువ్వు ప్రెస్సులో రోజంతా గీతలే చూస్తావు కాబట్టి అడుగుతున్నాను. గీతలు బాగానే ఉన్నాయా? మొహమాటపడకుండా చెప్పు.

నీ జవాబు కోసం చూసే
అక్క

అక్కా,

బొమ్మలు అందాయి. మా యజమాని చేపని చూసి పడీపడీ నవ్వారు. గీత ప్రాణంతో కదులుతోందట, పిల్లల పుస్తకానికి ఇలాగే ఉండాలట. ఏ కలంతో వేశావని అడిగారు. మిగతా పన్నెండూ అచ్చం ఇలాగే వేసి పంపు. పనిలో పడి తిండి మానెయ్యకు.

నీ తమ్ముడు

తమ్ముడూ,

అది కలం గొప్ప కాదురా. నా కుడిచెయ్యి వణుకుతోంది. నాలుగు నెలలైంది. తలాతోకా లేని పాటలు కాబట్టి సరిపోయింది, ఏ పాఠ్యపుస్తకమో అయితే మొదటి రోజే దొరికిపోయేదాన్ని. పదకొండో పాటలో మేడ ఉంది. నిటారుగా నాలుగు గోడలు గీయాలి. ఆరు కాగితాలు చించేశాను. కప్పులో టీ సగం వరకే పోసుకుంటున్నాను.

నాన్న గడియారాల కొట్టు ఎందుకు మూసేశాడో మనిద్దరికీ తెలుసు. ఆయనకీ ఇలాగే మొదలైంది, ఇదే వయసులో. చివరికి చొక్కా గుండీలు మనమే పెట్టేవాళ్ళం. నాకు భయంగా ఉంది. బొమ్మలు తప్ప నాకింకో పని రాదు. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ జబ్బు పేరే చెప్తాడని వెళ్ళడం లేదు. మీ యజమానికి మాత్రం చెప్పకు.

అక్క

ప్రియమైన అక్కకి,

నేను అబద్ధం రాశాను. మా యజమాని నవ్వలేదు, కలం గురించి అడగలేదు. "సరే, అచ్చుకి ప్లేట్లు చెయ్యి" అని వెళ్ళిపోయారు. ఆ మాటలన్నీ నావే.

భూతద్దం పెట్టి గీతలు చూడటమే నా బతుకు. కావాలని వంకర తిప్పిన గీత వేరు, చెయ్యి నిలవక వంకరపోయిన గీత వేరు. చేప మీసం దగ్గరే నాకు తెలిసిపోయింది. రెండు రోజులు ఆ కవరు మళ్ళీ తెరవలేదు. పైకి అంటే నిజమైపోతుందని భయపడి, మెచ్చుకుంటూ రాశాను. ధైర్యం చెప్పాల్సినవాణ్ణి, నిన్ను ఒంటరిగా వదిలేశాను. క్షమించు.

నీకోసం మాత్రమే భయపడ్డానంటే అదీ అబద్ధమే. ఆ రోజు నుంచి పొద్దున్నే, ప్రెస్సుకి ఎవరూ రాకముందు, బొమ్మలు సరిచూసే గాజుబల్ల కింద దీపం వేసి, దాని మీద చెయ్యి చాచి చూసుకుంటున్నాను. ఎడమ చిటికెనవేలు ఒక్కచోట నిలవడం లేదు. చూసీచూసీ భ్రమపడుతున్నానో ఏమో తెలీదు.

మేడ సంగతి వదిలెయ్. గోడలు నిటారుగా ఉన్నాయని పాటలో ఎక్కడా లేదు, మళ్ళీ చదివాను. గురువారం మొదటి బస్సుకి వస్తున్నాను. పది గంటలకి నరాల డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఫోనులో అక్కడి అమ్మాయి "రోగి పేరు చెప్పండి" అంది. మనిద్దరివీ రాయించాను.

తమ్ముడు